పండక్కి పూయని చామంతి: కడియం వైపు ఒక చిన్న నర్సరీ కేసు

కడియం మండలంలో హైవే పక్కన ఎకరంన్నర కౌలు నేలలో నడిచే నర్సరీ ఇది. భార్యాభర్తలిద్దరూ, రోజువారీ కూలికి వచ్చే నలుగురైదుగురు ఆడవాళ్ళూ పని చూసుకుంటారు. కడియపులంకలోని పెద్ద తోటలు పామ్ చెట్లు, రోడ్ల పక్కన నాటే పెద్ద మొక్కలు లారీలకెత్తి దూర రాష్ట్రాలకు పంపుతాయి. ఇలాంటి చిన్నవాళ్ళు బతికేది మాత్రం వినాయక చవితి నుంచి సంక్రాంతి దాకా నడిచే సీజన్ సరుకు మీద. అందులోనూ ఆశ్వయుజం, కార్తీకం రెండు నెలలూ బాగుంటే ఏడాది కౌలు గట్టెక్కినట్టే.

2025 దసరా వెళ్ళాక వాళ్ళు నన్ను పిలిచింది చామంతి గురించి. జూన్ చివర కొమ్మలు నాటి, జూలై చివర కుండీల్లోకి మార్చి, ఆగస్టు మధ్యలో తలలు తుంచారు. కుండీలు రెండు వేలకు పైనే. మొక్క గుబురుగా, ముదురాకుపచ్చగా ఉంది. రోడ్డు వైపు సగంలో మాత్రం మొగ్గ లేదు.

"మొక్కకేం తక్కువ లేదండి, మొగ్గే రావట్లేదు. ఏదైనా మందు రాయండి బాబూ, కార్తీకానికి అందాలి" అన్నారు యజమాని. అప్పటికే 13-0-45 అనే పొటాష్ ఎరువు రెండుసార్లు కొట్టారట. షాపువాళ్ళు ఇచ్చిన పూత టానిక్ కూడా పోశారు. వరసల మధ్య ఖాళీ సీసాలు పడి ఉన్నాయి.

ఈ కేసు రాయడానికి కారణం ఆ సీసాలే. శరదృతువులో నర్సరీకి వచ్చే నష్టాల్లో ఎక్కువ భాగం రాత్రి వల్లో, నీటి వల్లో వస్తుంది. మనం మాత్రం ముందు మందుల షాపుకే పరిగెడతాం.

చంద్రుడి పండగలు, సూర్యుడి పూలు

ముందు పండగల లెక్క చెప్పాలి. దీపావళి 2023లో నవంబరు 12న, 2024లో అక్టోబరు 31న, 2025లో అక్టోబరు 20న వచ్చింది. అంటే రెండేళ్ళలో 23 రోజులు వెనక్కి జరిగింది. అధిక మాసం వచ్చిన ఏడు మళ్ళీ ముందుకు పోతుంది. దసరా, కార్తీకం కూడా ఇలాగే జరుగుతుంటాయి.

బంతికి ఈ జరుగుడుతో పేచీ లేదు. ముద్దబంతి నారు పోసిన దగ్గర్నుంచి కవర్లో మొదటి పువ్వు విచ్చడానికి రమారమి రెండు నెలలు. పండగ ఎప్పుడో చూసుకుని అక్కడి నుంచి రోజులు వెనక్కి లెక్కపెట్టి విత్తనం వేస్తే చాలు. 2025లో దసరా అక్టోబరు 2న కాబట్టి వీళ్ళు జూలై ఆఖరులో నారు పోశారు. ఒక వారం వాన ముసురుకు కొంత నారు కుళ్ళింది, మిగిలింది మాత్రం లెక్క తప్పలేదు. తెల్లారేసరికి ట్రాలీ ఆటోలు వచ్చి ఎత్తుకెళ్ళాయి.

చామంతి అలా రోజుల లెక్కకు లొంగదు. అది చూసేది రాత్రి ఎంతసేపుందని. ఇది పొట్టి పగటి మొక్క. పగలు తగ్గి, ఎడతెగని చీకటి ఒక హద్దు దాటాకే కొమ్మ చివర ఆకు పుట్టడం ఆపి మొగ్గ కడుతుంది. మన గోదావరి ప్రాంతం సుమారు 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. జూన్ మూడో వారంలో ఇక్కడ పగలు 13 గంటల పైచిలుకు, సెప్టెంబరు 23 ప్రాంతంలో 12 గంటలు, డిసెంబరు మూడో వారంలో 11 గంటల పైచిలుకు. తేడా రెండు గంటలే అయినా చామంతికి అది చాలు. అందుకే తారీఖు మారని సంక్రాంతికి చామంతి తోడైనంత నమ్మకంగా దీపావళికి తోడు కాదు. తిథి జరిగినట్టు రాత్రి జరగదు కదా.

పగటి పొడవును బట్టి పూసే మొక్కల సంగతిని 1920లో గార్నర్, అల్లార్డ్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు పొగాకు మీద ప్రయోగాలతో బయటపెట్టారు. 1938లో హామ్నర్, బానర్ మరో మెట్టెక్కారు: పొట్టి పగటి మొక్క కొలుచుకునేది నిజానికి చీకటినని, పొడుగు రాత్రి మధ్యలో కాసేపు దీపం వెలిగిస్తే ఆ రాత్రి లెక్కలోకి రాదని చూపించారు. బెంగళూరు, హొసూరు వైపు పూల పాలీహౌసుల్లో చామంతి కాడ పొడవు పెరిగేదాకా రాత్రిళ్ళు బల్బులు వెలిగించేది ఈ సూత్రం మీదే. అక్కడ కావాలని చేసే పని ఇక్కడ అడక్కుండానే జరిగిపోయింది.

ఏమేం చూశాను

నేను వెళ్ళింది పగలే. మొదట అనుమానించింది కొమ్మల్ని. రెండు చోట్ల నుంచి తెచ్చి రకాలు కలిపేస్తే ఒక సగం ముందు, ఒక సగం వెనక పూయడం మామూలే. కానీ కొమ్మలన్నీ ఒకే తల్లి మడి నుంచి తీసినవే. తలలు తుంచింది కూడా అదే ఆడవాళ్ళు, వరసగా రెండు రోజుల్లో. రకం కారణం కాదని తేలింది.

తర్వాత నత్రజని. కాంప్లెక్స్ ఎరువు గుప్పెళ్ళతో వేస్తే చామంతి ఆకుకే పోతుంది. అయితే వెనక సగానికీ అదే ఎరువు, అదే చేత్తో వేశారు. అక్కడ మాత్రం బఠాణీ గింజంత మొగ్గలు ఎత్తుకుని ఉన్నాయి. వేడి సంగతీ అంతే. రాత్రి ఉక్కగా ఉంటే మొగ్గ ఆలస్యమవుతుంది, కోస్తాలో సెప్టెంబరంతా ఆ బాధ ఉంటుంది. కానీ ఉక్క తోటలో సగానికే పోయదు కదా.

అప్పుడు మొక్క మొక్కా పట్టి కొసలు చూశాను. పూయని కుండీల్లో మొగ్గ అసలు లేకపోలేదు. కొమ్మ చివర ఆవగింజంత మొగ్గ ఒకటి పుట్టి, అక్కడే ఆగిపోయి ఉంది. దాని కింది నుంచి పక్క కొమ్మలు లేచి మొగ్గను దాటి పైకి పోతున్నాయి. ఆ మొగ్గ దగ్గర ఆకులు చామంతి ఆకుల్లా లేవు. గాట్లు లేకుండా సన్నగా, బద్దల్లా ఉన్నాయి. చామంతితో పనిచేసేవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సిన లక్షణం ఇది. మొగ్గ పుట్టడానికి కావాల్సిన చీకటి కన్నా, పుట్టిన మొగ్గ పెరగడానికి ఇంకా ఎక్కువ చీకటి కావాలి. మొదటిది దొరికి రెండోది దొరక్కపోతే మొక్క ఇలా నడి దారిలో చిక్కుకుపోతుంది. ఎన్ని టానిక్‌లు పోసినా అక్కణ్ణుంచి కదలదు.

"రాత్రిపూట ఇక్కడ వెలుగేమైనా ఉంటుందా పిన్నిగారూ?" అని యజమాని భార్యను అడిగాను.

"ఎందుకుండదు బాబూ, హోటలు లైటు ఉందిగా. శ్రావణం నుంచీ మాకు టార్చి అవసరమే లేదు. కాపలాకి ఎంత బాగుందో" అన్నారావిడ.

రోడ్డుకు అటువైపు కొత్తగా ఒక ధాబా పెట్టారు. లారీలవాళ్ళకు కనపడాలని పెద్ద ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైటు ఎత్తైన స్తంభానికి కట్టి, తల పైకెత్తి పెట్టారు. చీకటి పడింది మొదలు తెల్లారేదాకా ఆరదు.

రాత్రి ఎనిమిది దాటాక మళ్ళీ వెళ్ళాను. ఫోన్లో వెలుగును లక్సుల లెక్కన కొలిచే యాప్ అంత కచ్చితంగా ఉండదు గానీ, ఎక్కువ తక్కువలు పోల్చడానికి పనికొస్తుంది. కంచె పక్క కుండీల మీద నలభై దాకా చూపించింది. వెనక సగంలో అంకె దాదాపు సున్నా. పూల పాలీహౌసుల్లో మొగ్గను ఆపడానికి వాడేది వంద లక్సుల దరిదాపు, అదీ రాత్రి నడిమి నాలుగు గంటలే. ఇక్కడ అంత వెలుగు లేకపోయినా రాత్రంతా ఉంది, తక్కువ వెలుగుకే ఆగిపోయే రకాలూ ఉంటాయి. వెన్నెల వల్ల కూడా ఇలా అవుతుందా అని యజమాని అడిగారు. నిండు పున్నమి వెన్నెల అర లక్సు కూడా ఉండదు, దానివల్ల ఇబ్బంది లేదు. కార్తీకంలో తులసికోట దగ్గర పెట్టే నూనె దీపాల సంగతి కూడా ఆవిడ అడిగేసరికి నవ్వొచ్చింది. పత్తి ఒత్తికి చామంతిని ఆపే శక్తి లేదు.

అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఇచ్చింది సిమెంటు నీళ్ళ ట్యాంకు. ముందు సగంలోనే, లైటుకు ఎదురుగా ఆ ట్యాంకు ఉంది. దాని వెనక నీడ పడ్డంత మేర, విసనకర్ర ఆకారంలో, కుండీలన్నిటికీ మొగ్గలున్నాయి. నీడ అంచు దాటిన కుండీకి లేవు. అంచు మీద ఉన్న కుండీల్లో అయితే ట్యాంకు వైపు కొమ్మలు మొగ్గ తొడిగి, అటువైపు కొమ్మలు ఆకులోనే ఉన్నాయి. యజమాని ఆ కుండీని ఎత్తి తిప్పి తిప్పి చూశారు. "ఆయ్, అయితే మందుకి పెట్టిన డబ్బులు గోదాట్లో పోసినట్టేనండి" అన్నారు. ఆ తర్వాత మందు మాట ఎత్తలేదు.

చేసిన పని

లైటు ఆర్పమని అడిగితే ధాబా వాళ్ళు ఒప్పుకోలేదు. వాళ్ళ వ్యాపారం రాత్రిదే, తప్పు పట్టలేం. తల కిందికి వంచి, మన వైపు రేకు కప్పు వేయడానికి ఒప్పుకున్నారు. రేకు మనదే, కూలీ మనదే. అక్టోబరు రెండో వారానికి అది పూర్తయింది. కంచె వారన రెండు మూడు వరసల మీద మాత్రం ధాబా గోడ మీంచి తిరిగి వచ్చే వెలుగు ఇంకా పడుతోంది.

నల్ల టార్పాలిన్ కప్పుదామని యజమాని అన్నారు. చలి ప్రాంతాల్లో అది మంచి పద్ధతే. అక్టోబరులో గోదావరి ఒడ్డున సాయంత్రం ఆరింటికి చామంతి మీద ప్లాస్టిక్ కప్పితే లోపల ఉక్క, చెమ్మ పట్టి తెల్లారేసరికి ఆకు మీద మచ్చ తెగుళ్ళు మొదలవుతాయి. పైగా రోజూ కప్పడానికి, తీయడానికి ఇద్దరు మనుషులు కావాలి. దానికి బదులు ఆ వరసల్ని వెనక్కి మార్చమన్నాను. దీపావళికి బంతి వెళ్ళిపోయి వెనక చోటు ఎటూ ఖాళీ అయింది.

ఆగిపోయిన మొగ్గల్ని వదిలేస్తే అవి చివరికి ఒకటీ అరా వంకర పూలు పూసి కుండీ అందం చెడగొడతాయి. అందుకని రేకు బిగించిన వారంలోనే ముందు సగం అంతా కొసలు మరోసారి తుంచేశారు. బద్దాకులతో సహా, కింద నాలుగైదు మంచి ఆకులు మిగిలేలా. అసలే ఆలస్యమైన మొక్కను మళ్ళీ తుంచడమంటే యజమానికి ప్రాణం ఒప్పలేదు. కానీ అప్పటి నుంచి అన్ని కొమ్మలూ ఒకే రోజు చీకటి లెక్క మొదలుపెట్టాలంటే అదే దారి.

కార్తీకం ఆశ మాత్రం వదులుకోమని ముందే చెప్పాను. పొట్టి పగళ్ళు మొదలైన దగ్గర్నుంచి పువ్వు విచ్చడానికి చామంతి రకాన్ని బట్టి ఆరు నుంచి పదిహేను వారాలు తీసుకుంటుంది. ఎక్కువ కుండీ రకాలకు ఎనిమిది నుంచి పది. అంటే డిసెంబరు మధ్య. కార్తీకం నవంబరు 20కే అయిపోతోంది. అందుకని సరుకును రెండు లాట్లుగా విడదీసి రాసుకున్నాం: వెనక సగం కార్తీకానికి, ముందు సగం క్రిస్మస్, కొత్త సంవత్సరం, సంక్రాంతి వ్యాపారానికి. కొనేవాళ్ళకు ముందే ఫోన్లు చేసి చెప్పడంతో ఎవరితోనూ మాట తప్పాల్సిన పని పడలేదు.

మధ్యలో వచ్చిన తుపాను

ఈ ఋతువు గురించి రాసి వాయుగుండం ఊసెత్తకపోతే అది కోస్తా కేసు కాదు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖలో తీరం దాటింది. 2020 అక్టోబరు 13న తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర దాటింది. 2025లో మొంథా అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర ఒడ్డెక్కింది. దసరా నుంచి కార్తీకం వెళ్ళేదాకా మన నర్సరీ సరుకు విలువ శిఖరానికి చేరేది, బంగాళాఖాతం లేచేది ఒకే నెలల్లో.

మొంథా గాలికి ముందు షేడ్ నెట్ విప్పి చుట్టేశారు. కట్టి ఉంచితే నెట్టూ పోతుంది, స్తంభాలూ పోతాయి. ఎత్తు కుండీలను పక్కకు పడుకోబెట్టారు. ఇవన్నీ ఇక్కడి వాళ్ళకు నేర్పక్కర్లేదు. దెబ్బ గాలి వల్ల కాక నిలిచిన నీటి వల్ల తగిలింది.

కుండీ మిక్స్‌లో వీళ్ళు ఒండ్రుమట్టి పాలు ఎక్కువ వేస్తారు. అది చవగ్గా దొరుకుతుంది, బరువుగా ఉండి మొక్క ఒరగదు. ఎండాకాలం అది మేలే. కార్తీకం ముసురులో మాత్రం ఒండ్రు నీటిని వదలదు. పైగా కుండీలను ఒట్టి నేల మీద పెడితే అడుగున చిల్లులు బురదతో మూసుకుంటాయి. చూడ్డానికి కుండీకి చిల్లులున్నాయి, నీరు పోయే దారి లేదు. వెనక సగంలో, అంటే లైటు బాధ లేక చక్కగా మొగ్గ విచ్చుతున్న లాటులో, మూడో వంతు దాకా ఇలా పోయింది. కొన్నిటికి వేరుకుళ్ళు వచ్చి, మట్టి తడిగా ఉండగానే ఆకు వాడింది. కొన్నిట్లో విచ్చిన రేకలు వానకు నాని గోధుమరంగుకు తిరిగి బూజు పట్టాయి. ముందు సగం అప్పటికి తుంచి రెండు వారాలే అయింది. పువ్వు లేదు, పట్టడానికి రేక లేదు. వెనక్కి మార్చిన వరసల్ని పాత ఇటుకల మీద పెట్టడం వల్ల అడుగున గాలి ఆడింది. ఆలస్యమైన లాటే తుపానును నిక్షేపంగా దాటేసింది.

వాన తగ్గాక వాడిన మొక్కలు తీసి దూరంగా పారేసి, మిగిలినవాటి మొదట్లో కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాముల చొప్పున పోయించాను. ఈ కేసు మొత్తంలో నేను రాసిన మందు అదొక్కటే. మిగతాదంతా ఇటుకలు, ఊక పరిచిన మడి, కుండీల మధ్య ఎడం. వచ్చే ఏడాది మిక్స్‌లో ఒండ్రు తగ్గించి, కోనసీమ నుంచి వచ్చే కొబ్బరి పొట్టు కలపమన్నాను. పొట్టును రెండు మూడుసార్లు నీళ్ళతో కడిగి ఉప్పు పోయాకే వాడాలి. చాలామంది బస్తా విప్పి నేరుగా కలిపేస్తారు, తర్వాత ఆకు అంచులు మాడాయని ఫోన్ చేస్తారు.

చామంతి ఆలస్యమైన నెలలో ఇల్లు నడిపింది ఉసిరి, తులసి. క్షీరాబ్ది ద్వాదశికి తులసి పక్కన ఉసిరి ఉండాలి, వనభోజనాలకు ఉసిరి చెట్టు నీడ కావాలి. ఇప్పుడు అపార్టుమెంట్లవాళ్ళు కుండీలో కాయతో ఉన్న ఉసిరి అడుగుతున్నారు. కాయ ఉంటే ధర రెట్టింపు చెప్పినా బేరమాడరు. అది కార్తీకంలో తయారయ్యే సరుకు కాదు. ఉసిరి పూసేది ఎండాకాలం మొదట్లో. పిందె కట్టాక నెలల తరబడి కదలకుండా కొమ్మకు అంటుకుని నిద్రపోయి, వానలు పడ్డాకే ఊరడం మొదలుపెడుతుంది. మార్చిలో అంటు మొక్కకు పూత నిలబెట్టినవాడికే నవంబరులో కాయ. ఎన్ఏ-7 లాంటి అంటు రకాలు చిన్న వయసులోనే కాస్తాయి కాబట్టి కుండీకి అవే నయం. గింజ మొక్క కొని ఏళ్ళ తరబడి ఎదురుచూసి తిట్టుకునేవాళ్ళను చూశాను.

పెటూనియా, డయాంథస్, సాల్వియా లాంటి చలికాలపు సీజనల్స్ గురించి ఒక్కమాట. ట్రేల్లో పోసిన పెటూనియా మొలక సరిగా రాలేదని ఆవిడ చూపించారు. ఆ విత్తనం గ్రాముకు పదివేల దాకా తూగుతుంది, దుమ్ములాంటిది. మొలవడానికి దానికి వెలుతురు కావాలి. వీళ్ళు అలవాటుకొద్దీ పైన అర అంగుళం పొట్టు కప్పారు. కప్పకుండా తడి మిక్స్ మీద చల్లి, పైన పలచటి పాలిథిన్ వేయమంటే రెండో విడత బాగానే లేచింది.

చివరికి

ముందు సగం చామంతికి నవంబరు మొదటి వారంలో మొగ్గలు కనపడ్డాయి. ఈసారి అన్ని కొమ్మల మీదా, ఒకే ఎత్తులో. డిసెంబరు రెండో వారం దాటాక రంగు చూపాయి. చలి రాత్రుల వల్ల పువ్వు రంగు కార్తీకం లాటు కన్నా చిక్కగా వచ్చింది. కొత్త సంవత్సరానికి చాలా మటుకు, సంక్రాంతికి మిగిలినవీ పోయాయి. కార్తీకంలో పోయిన డబ్బు మొత్తం తిరిగి రాలేదు గానీ కౌలు కట్టగలిగారు.

అమ్మకం అయ్యాక యజమాని అడిగిన ప్రశ్న నాకు నచ్చింది: "రేకు తీసేస్తే ఏమవుద్దండి?" ఆయన ఆలోచన సరైందే. కొమ్మలు తీసే తల్లి మొక్కలు శీతాకాలంలో పూతకు వస్తే లేత కొమ్మ దొరకదు. ఈ ఏడు రేకులో ఒక పక్క అడుగున్నర వెడల్పు కిటికీ కోసి, ఆ వెలుగు పడే మేర కంచె వారన తల్లి మొక్కలు పెట్టబోతున్నారు. ట్యాంకు నీడలోకి ఒక్క కుండీ కూడా జరక్కుండా నేల మీద సున్నంతో గీత గీయించాను. వెలుగు చాలుతుందో లేదో అక్టోబరు నుంచే ప్రతి వారం కొమ్మ చివర్లు చూసుకోమన్నాను. బద్దాకు కనపడిందంటే అక్కడ వెలుగు తక్కువైందని లెక్క. ఆ కుండీని లైటుకు ఇంకాస్త దగ్గరగా జరపాలి.